సాక్ష్యం కోసం మానేసిన మాత్ర

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఇదే గుడిలో, ఇదే చోట నిలబడి నేను ఒకసారి సాక్ష్యం చెప్పాను, మీరంతా హల్లెలూయా అన్నారు. ఆ తర్వాత ఏం జరిగిందో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈరోజు అది చెప్పడానికే నిలబడ్డాను. వినడానికి సంతోషంగా ఉండదు, ఓపిక పట్టండి.

ఈ దివిసీమకు కోడలిగా వచ్చిన కొన్నేళ్లకు నాకు పేరు తెలియని జబ్బు పట్టుకుంది. నడి ఎండాకాలంలో ఊరంతా విసనకర్రలతో అరుగుల మీద కూర్చుంటే నేను దుప్పటి కప్పుకుని వణికేదాన్ని, ముఖం ఉబ్బింది, జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడేది, గొంతు బొంగురుపోయి పాట అందుకోలేకపోయేదాన్ని, పొయ్యి మీద ఎసరు పెట్టి అక్కడే కూర్చుని నిద్రపోయేదాన్ని! బద్ధకమన్నవాళ్లున్నారు, దయ్యం పట్టిందన్నవాళ్లూ ఉన్నారు. పిల్లలు లేరని నేను కుమిలిపోతుంటే మా అత్తగారు మరియమ్మగారు నా తల మీద చెయ్యి పెట్టి ఏడుస్తూ ప్రార్థించేవారే తప్ప ఒక్క మాట అనలేదు.

చివరికి బడిపంతులైన మా ఆయన నన్ను బందరు ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడి డాక్టరమ్మగారు నన్ను కుర్చీ మీద మోకాళ్లూనమని చెప్పి, మడమ వెనక చిన్న సుత్తితో కొట్టి చూశారు. నా పాదం అదిరి, తిరిగి తన చోటికి రావడానికి బద్ధకించింది.

"పాదం ఇంత మెల్లగా వెనక్కి వస్తోందంటే, మెడలో థైరాయిడ్ అనే గ్రంథి సరిగా పనిచెయ్యడం లేదమ్మా. అది ఇవ్వాల్సింది ఈ మాత్ర ఇస్తుంది. కొంచెంతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతాను. బాగైందని మానకు, బతికున్నంతకాలం వేసుకోవాలి" అన్నారు.

మోతాదు పెరిగేకొద్దీ, సహోదరులారా, ఒంట్లోకి వెచ్చదనం వచ్చింది, గొంతు వచ్చింది, మరుసటి ఏడాదికి నా కడుపు పండింది!

అప్పుడే మీ ముందు నిలబడి, ప్రభువు నన్ను పూర్తిగా బాగుచేశాడని చెప్పాను. ఇంటికెళ్లాక అత్తగారు మాత్రల సీసా చేతిలోకి తీసుకున్నారు. "అమ్మాయ్, బాగైపోయానని గుళ్లో చెప్పాక ఇంకా ఈ బిళ్లలు మింగితే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టు కాదూ?" అన్నారు. గుడివాడ ఉజ్జీవ ప్రార్థన కూటాల్లో స్వస్థత పొందామన్నవాళ్లు మందులు విసిరెయ్యడం ఆమె కళ్లారా చూసొచ్చారు. మా ఆయన వద్దంటున్నా వినకుండా, స్తుతి పాట పాడుకుంటూ కాలువ గట్టుకు వెళ్లి సీసా నీళ్లలో వదిలేశారు. ప్రేమతోనే చేశారు. నేనూ ఆమెన్ అన్నాను.

కొన్ని వారాలు ఏమీ కాలేదు, అదే మమ్మల్ని మోసం చేసింది. తర్వాత చలి మళ్లీ వచ్చింది, కాళ్లు బరువెక్కాయి, ముఖం ఉబ్బింది, కడుపుతో ఉన్నదానికి ఇవన్నీ మామూలేనన్నారు. ఎవరితోనైనా చెప్పుకుందామంటే నేను చెప్పిన సాక్ష్యమే నాకు అడ్డొచ్చింది. ఆదివారం మీరు "ఎలా ఉన్నావమ్మా?" అని అడిగితే "దేవునికే మహిమ" అనేసి, ఇంటికెళ్లి మంచాన పడేదాన్ని. వానలు పట్టిన ఒక ఉదయం కడుపులో కదలిక లేదని తెలిసింది. ఆడపిల్ల. ఊపిరి లేకుండానే పుట్టింది. పేరైనా పెట్టకుండా ఆ కాలువ అవతలి గట్టునే, మన సమాధుల తోటలో పెట్టి వచ్చారు. నాకు ఏడవడానికి కూడా శక్తి లేకపోయింది!

స్పృహ ఉండీ లేనట్టున్న నన్ను బందరు చేర్చారు. "బిళ్లలు మానడం వల్లే నా మనవరాలు పోయిందా డాక్టరమ్మగారూ?" అని అత్తగారు అడిగారు.

"ఖాయంగా చెప్పలేనమ్మా. కానీ మానకుండా ఉండాల్సింది" అన్నారామె. అత్తగారు అక్కడే నేల మీద కూలబడిపోయారు.

మళ్లీ చిన్న మోతాదుతో మొదలైంది. ఒక్కసారిగా పెంచితే గుండె తట్టుకోదు, దడ వస్తే వెంటనే చెప్పాలి అన్నారు డాక్టరమ్మగారు. వెళ్లినప్పుడల్లా అదే కుర్చీ, అదే సుత్తి. ఎన్నో కూటాల్లో మోకరించాను గానీ ఆ కుర్చీ మీద మోకరించి, "ప్రభువా, నా పాదాన్ని త్వరగా వెనక్కి రానివ్వు" అని వేడుకున్నంతగా ఎప్పుడూ వేడుకోలేదు.

నాకు అత్తగారి మీద కోపం ఉండేది. చాలా కోపం. ఆమె వైపు తిరిగి పడుకునేదాన్ని కాదు. నేను నిద్రపోయాననుకుని ఒకరోజు ఆమె మంచం పక్కన మోకరించి ప్రార్థించారు. "తండ్రీ, అన్నం రోజూ అడుగుతాం. నిన్న పెట్టావని ఇవాళ అడగడం మానలేదు. ఈ బిళ్లా అలాంటిదేనని నాకు తెలియకపోయింది. నా బిడ్డను నాకు ఉంచు తండ్రీ!" కోడలు అనలేదు, సహోదరులారా, నా బిడ్డ అన్నారు. నేను ఇటు తిరిగి ఆమె చెయ్యి పట్టుకున్నాను. పాప పోయాక నాకు ఏడుపు వచ్చింది ఆ రోజే.

ప్రభువు నన్ను ఉంచాడు. నాకు మళ్లీ బిడ్డ కలగలేదు. కలిగిందని చెబితే మీకు సంతోషంగా ఉండేది, కానీ సాక్ష్యాన్ని పెద్దది చేసి చెబితే ఏమవుతుందో నేను చూశాను. మీలో మందు వాడుతూ సిగ్గుపడి దాచుకునేవాళ్లుంటే దాచుకోకండి, మానకండి, ఆయనను నమ్మండి, ఆ మందు కూడా ఆయన చేతి నుంచే వచ్చింది!

ఈ సంగతి గుడిలో చెప్పమన్నది మా అత్తగారే. అదిగో, ఆడవాళ్ల వరుసలో తల వంచుకుని కూర్చున్నారు. రోజూ పొద్దున్నే ఒక చేతిలో మాత్ర, ఒక చేతిలో నీళ్ల చెంబుతో వచ్చి, ప్రార్థన చేసి, నేను మింగేదాకా నిలబడతారు. నేను ఇంకా బాగైపోలేదు, రోజూ బాగవుతున్నాను. రేపు ఉదయం కూడా ఆ మాత్ర వేసుకుంటాను. దేవునికే మహిమ!