ఆ లైటు ముందు స్టూలు

మొన్న తాడేపల్లిగూడెం నుంచి ఒకాయన వచ్చాడు. కొత్తగా కాఫీ హోటలు పెడుతున్నాడట, అలంకారానికి ఒక మూల నిలబెట్టడానికి పాత సినిమా లైటు కావాలట. మా ఆయన సరేనంటే ఏలూరులో మా వెనక గదిలో ఇన్నాళ్ళూ దుప్పటి కప్పుకుని ఉన్న సవతి వెళ్ళిపోతుందని నాకు ప్రాణం లేచివచ్చింది. సవతి అని ఊరికే అనడం లేదు. షూటింగులకు లైట్లు అద్దెకిచ్చే రోజుల్లో ఆ టంగ్‌స్టన్ లైటుకి ఆయన చేసిన సేవలో సగం నాకు చేసినా నేనీ మాట రాసేదాన్ని కాదు. ఫ్రెనెల్ అని పేరు పెట్టి మరీ పిలిచేవారు. ముందు దళసరి గాజు, దాని మీద జంతికల చుట్టల్లాంటి గీతలు. వెనక మర తిప్పితే లోపలి బల్బు ముందుకీ వెనక్కీ జరిగి వెలుగు వెడల్పవుతుంది, లేదా ఒకచోటికి చేరుతుంది. ఆ బల్బుని ఉత్త చేత్తో తాకకూడదు, జిడ్డు అంటితే వేడికి పేలిపోతుందట. మెత్తటి నూలుగుడ్డతో పట్టుకునేవారు. అప్పడాలు వేయించిన చేత్తో నేను గుమ్మంలోకి వస్తే చాలు, "అక్కడే ఉండు" అనేవారు.

ఒకసారి గుండుగొలను దాటి కొల్లేటి ఒడ్డున షూటింగు జరిగింది. చేపలు పట్టేవాళ్ళ పాక సెట్టు వేశారు. చూడ్డానికి నేనూ, అక్కా అని నేను పిలిచే మా తోడికోడలూ వెళ్ళాం. దానికోసం తణుకులో నెమలికంఠం రంగు చీర కొనుక్కున్నాను. అక్క మాత్రం ఇంట్లో కట్టే వాయిలు చీరతోనే వచ్చింది, ఆవిడ ధీమా ఆవిడది. హీరోయిన్ కూర్చోవలసిన చోట ముందు ఇంకెవరినైనా కూర్చోబెట్టి లైటు సరిచూసుకోవడం వాళ్ళ పద్ధతి. రోజూ కూర్చునే అమ్మాయికి జ్వరం. మా ఆయన మా ఇద్దరివైపూ చూశారు. నేను కొంగు సర్దుకుని లేచాను కూడా.

"వదినగారూ, మీరొచ్చి ఈ స్టూలు మీద కూర్చోండి. గడ్డం కొంచెం పైకండి," అన్నారు.

లేచినదాన్ని లేచినట్టే మంచినీళ్ళ కూజా వైపు నడిచాను, దాహం లేకపోయినా. మర తిప్పుతూ, ఆగుతూ ఆవిడ మొహంలోకి అలా చూస్తూనే ఉన్నారు. పెళ్ళిచూపుల్లో నన్ను అంతసేపు చూడలేదు. ఇంటికొచ్చాక అడిగేశాను.

"ఆ హీరోయినుది వదిన రంగే. నీ రంగుకి సరిపోయేలా లైటు పెడితే ఆవిడ మొహం సున్నం కొట్టినట్టు వచ్చేది," అన్నారు, వంకాయ కూర కలుపుకుంటూ.

ఆ మాటలో తప్పేమీ లేదని నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపుమంట తగ్గుతుందా? పైగా అక్క దాన్ని ఆరనివ్వలేదు. అత్తిలిలో ఏ పెళ్ళికి వెళ్ళినా, "హీరోయినుకి పెట్టిన లైటు ముందు నాకు పెట్టి చూసుకున్నారండీ. ఇద్దరిదీ ఒకే రంగటండీ," అని వంటవాళ్ళక్కూడా చెప్పేది. పక్కన కూర్చుని నేను పులిహోర తినేదాన్ని.

"ఇది వెలుగుద్దాండీ?" అన్నాడు మొన్న వచ్చిన హోటలాయన, దుప్పటి తీసి చూసి.

మా ఆయనకి రోషం వచ్చింది. గుడ్డతో బల్బు బిగించి, స్విచ్చి వేసి, ఎదురుగా ఎవరైనా కూర్చోవాలి కదా అని చుట్టూ చూశారు. అక్క అత్తిలిలో ఉంది. ఇంట్లో ఉన్నది నేనే. మాసిన నేత చీరతో, రంగు వెయ్యని జుట్టుతో వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాను. చెంపకి వెచ్చగా తగిలింది.

"గడ్డం కొంచెం పైకి," అన్నారు. మర తిప్పారు, ఆగారు, నా మొహంలోకి చూసి మళ్ళీ తిప్పారు.

హోటలాయన ఫోను తీశాడు. "అమ్మగారూ, కొంచెం పక్కకి జరుగుతారా అండీ? లైటు ఒక్కదాన్నీ ఫొటో తీసుకుంటాను."

"జరగనండీ," అన్నాను.

ఆ వెలుగు అప్పటిలాగే ఉంది. దాని ముందు కూర్చునే వంతు రావడానికి నాకే ఒక వయసంతా పట్టింది.