నీళ్లలో కలవని బ్రేక్ ఆయిల్

ఆయిల్ దుకాణం పెద్దమ్మ పోయింది. నేను కొత్తకోటలో బత్తాయి లోడు దింపుతుండగా ఆమె కోడలు ఫోన్ చేసి, "అన్నా, అత్తమ్మ పొద్దుగాల లేవలే" అంది. నకిరేకల్ చేరేసరికి దుకాణం ముందు జనం. నా పక్కన నిలబడ్డ ఒకాయన, "మనిషి మంచిదే గని నోరు ఆగకపాయె. గా నోరే లేకుంటే ఇయ్యాల రెండంతస్తుల దుకాణం ఉంటుండె" అన్నాడు. చావింటి దగ్గర తగువెందుకని ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను. రెండంతస్తులు కట్టినవాళ్లు ఆ రోడ్డు పొడుగునా ఉన్నారు. అలాంటి నోరున్న మనిషి ఆమె ఒక్కతే.

ఆమె నాకు చుట్టం కాదు. మాదీ వాళ్లదీ మగ్గాల ఇళ్లు, అంతే. నేను మగ్గం వదిలి సరుకు తోలే డీసీఎం బండి కొనుక్కున్నాను. ఆమె భర్త పోయాక మగ్గం అమ్మేసి, హైవే పక్కన బండ్ల ఆయిళ్ల దుకాణం పెట్టింది. ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్, బ్రేక్ ఆయిల్, కూలెంటు, గ్రీజు, బ్యాటరీ నీళ్లు. ఆడమనిషికి ఈ బేరమేమిటని నవ్వినవాళ్లే ఏడాది తిరిగేసరికి ఆమె ముందు బానెట్ ఎత్తి నిలబడ్డారు. డిప్‌స్టిక్ తీసి, కొసనున్న ఆయిల్‌ను నూలుపోగు చూసినట్టు రెండు వేళ్ల మధ్య రుద్ది చూసేది. "ఇంకో వెయ్యి కిలోమీటర్లు నడుస్తది. ఇయ్యాల కొనకు, పో" అనేది. కొనడానికి వచ్చినవాణ్ని అలా తిప్పి పంపే దుకాణదారును నేను మళ్లీ చూడలేదు.

రేడియేటర్‌లో మా ఫ్లోరైడ్ బోరు నీళ్లు పోసే డ్రైవర్లంటే ఆమెకు ఒళ్లు మంట. "గీ నీళ్లు తాగి మన పండ్లే గారవట్టినయ్. ఇంజన్ల పోస్తె ఊకుంటదా?" అని అందరి ముందే కడిగేసేది. కొత్త డీజిల్ బండ్లకు పొగ శుభ్రం కావడానికి వేరే ట్యాంకులో యూరియా ద్రావణం పోస్తారు. మా దగ్గరి రైతొకాయన డబ్బా కొనడం దండగనుకుని, పొలానికి తెచ్చిన యూరియా బస్తా విప్పి బకెట్లో కలిపి పోశాడు. బండి మొరాయించింది. "నీ బండేమన్న వరి మడా?" అని పెద్దమ్మ అడిగిన తీరుకు అతనే నవ్వాడు. డీజిల్లో కలిపితే మైలేజీ పెరుగుతుందనే సీసాలను ఆమె దుకాణంలోకి రానిచ్చేది కాదు. "మైలేజీ సీసాల ఉండదు కొడుకా, నీ కాలి కింద ఉంటది" అనేది.

ఇంత తెలిసిన మనిషి ఒక్కసారి మోసపోయింది. బ్రేక్ ఆయిల్ పెట్టె కొత్తగా వచ్చినప్పుడల్లా ఒక సీసా విప్పి, స్టీలు గ్లాసు నీళ్లలో రెండు చుక్కలు వేసి చూడటం ఆమె అలవాటు. అసలు సరుకు నీళ్లలో కలిసిపోతుంది. వేరే నూనె కలిపిన నకిలీది పైన తేలుతుంది. దాన్ని పోస్తే బ్రేకుల్లో రబ్బర్లు ఉబ్బి పాడవుతాయి. ఆ రోజు పెట్టె తెచ్చిన ఏజెంటు, తనదీ మగ్గాల ఇల్లేనన్నాడు, అక్కా అని వరస కలిపాడు, వాళ్లమ్మ నేసిన చీరల ముచ్చట తీశాడు. అంత చెప్పిన మనిషి ముందు గ్లాసు తీసి పరీక్ష చేయడం మర్యాద కాదనుకుంది.

ఆ పెట్టెలో మొదటి సీసా నా బండికే పోశారు. నాలుగో రోజు నిమ్మకాయల లోడుతో వాలు దిగుతుంటే బ్రేక్ పెడల్ ఉత్తగా కిందికి పోయింది. ఎదురుగా బడిపిల్లల ఆటో. గేరు తగ్గించి, హ్యాండ్‌బ్రేక్ లాగి, రోడ్డు పక్క మట్టికుప్పకు గుద్దించాను. బండి ఆగింది. అక్కడి నుంచి నేరుగా దుకాణానికి పోయి నోటికొచ్చినట్టు అరిచాను. ఆమె అదే పెట్టెలోంచి సీసా తీసి గ్లాసు నీళ్లలో రెండు చుక్కలు వేసింది. చుక్కలు తేలాయి.

"తప్పు నాది కొడుకా. ఇంకో ఐదు సీసాలు అమ్ముడుపోయినయ్" అంది.

చుట్టుపక్కల దుకాణాలవాళ్లు గుట్టుగా ఉండమన్నారు. అందరి పేరూ చెడుతుందని బతిమాలారు, తర్వాత బెదిరించారు. ఆమె కుర్చీ తెచ్చి రోడ్డంచున వేసుకుని, తెలిసిన బండి కనపడితే చాలు చెయ్యి అడ్డం పెట్టి, "నకిలీది అమ్మిన, దిగు!" అని అరిచింది. రెండు రోజుల్లో నాలుగు బండ్లు దొరికాయి. ఐదోది మేకల్ని తోలుకుపోయే తెల్ల ట్రాలీ ఆటో. కోస్గి మనిషని తప్ప ఏమీ తెలియదు. బస్సెక్కి కోస్గి పోయి రెండు సంతలు వెతికింది. దొరకలేదు.

అప్పుడు దుకాణం పేరుకు పైన బోర్డు కట్టించింది. "ఈ దుకాణంల నకిలీ బ్రేక్ ఆయిల్ అమ్మిన. కోస్గి మేకల ట్రాలీ ఆయనా, బండి ఆపి ఫోన్ చెయ్. రబ్బర్లు నేనే మార్పిస్త." కింద తన ఫోన్ నంబరు. ఆ దారిన పోయినవాళ్లు చాలామంది దాన్ని ఫొటో తీసుకుని నవ్వుకున్నారు. బేరం సగానికి పడిపోయింది. నల్లగొండలో ఫొటో స్టూడియో నడిపే కొడుకు, "ఎవలన్న తమ దుకాణం మీద తమనే తిట్టుకుంటరా అమ్మా? నేను తలెత్తుకోలేకపోతున్న" అని గొడవపడి ఆరు నెలలు గడప తొక్కలేదు. ఆమె బోర్డు తీయలేదు.

నేనూ ఒకసారి అడిగాను. "పెద్దమ్మా, ఇన్నేండ్లాయె. గాయిన బండి మార్చి ఉంటడు."

"ఉంటే మంచిదే. బతికే ఉన్నడని నాకు ఎవలు చెప్పాలె?"

తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే హలో అనేది కాదు. "కోస్గియా?" అనేది. చివరిదాకా అంతే.

దీన్ని మొండితనం అంటారు. అననీయండి. తప్పును కప్పిపెట్టి బాగుపడటం తెలివి అయితే, ఆ తెలివి లేని మనిషి వల్ల నాలుగు బండ్లలోని మనుషులు ఇళ్లకు చేరారు. ఆమెకు నేను కృతజ్ఞుణ్ని, ఆమె నోటికి ఇంకా ఎక్కువ.

పదకొండో రోజు భోజనాలయ్యాక పెద్దమనుషులు కొడుకును పిలిచి, "పోయినామె పరువు గట్ల ఎండల ఏలాడొద్దు, గా బోర్డు తీసెయ్ రా" అన్నారు. అతను లోపలికి పోయి నిచ్చెన, ఒక డబ్బా, పాత గుడ్డ తెచ్చుకుని పైకెక్కాడు. డబ్బాలో థిన్నర్ ఉందనుకున్నాను, అక్షరాలు తుడిచేస్తాడనుకున్నాను. ఆపుదామని లేచాను. అతను గుడ్డతో దుమ్ము తుడిచి, జేబులోంచి కుంచె తీసి డబ్బాలో ముంచి, వెలిసిన అక్షరాల మీద ఒక్కొక్కదానికీ నల్లరంగు దిద్దాడు. చివరికొచ్చి తల్లి నంబరును కొట్టేసి, దాని కింద తన నంబరు రాశాడు. దిగి చేతులు తుడుచుకుని, తన ఫోన్‌ను కౌంటర్ మీద పెట్టి, గంట మోత పెంచాడు.