నిలబడ్డవాళ్ళకి టికెట్టెంత?

మా పెదనాన్నకు మనుషులు కనబడరు, తలలు కనబడతాయి. ఎక్కడికి వెళ్ళినా అక్కడున్న తలలు లెక్కపెడితే తప్ప ఆయనకు ఊపిరాడదు. ముప్పై నాలుగేళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం ఆయన్ని దింపేసింది గానీ ఆయన మాత్రం బస్సు దిగలేదు. మెడలో తాడు, తాడుకు ఈల, చొక్కా లోపల భద్రంగా ఉంటాయి. స్నానానికి వెళ్ళేటప్పుడు ఈల తీస్తాడా లేదా అన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలని విషయం.

ఒకసారి పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. డాక్టరు నోరు తెరవమని అద్దం, పట్టకారు లోపల పెట్టాడు. ఈయన ఆ నోటితోనే ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. నొప్పేమోనని డాక్టరు కంగారుగా అన్నీ బయటికి తీశాడు.

"బయట పద్నాలుగు మంది ఉన్నారండీ. కుర్చీలు ఎనిమిదే ఉన్నాయి," అన్నాడు పెదనాన్న, మళ్ళీ నోరు తెరుస్తూ.

మా చెల్లెలి పెళ్ళిలో అందరినీ నిలబెట్టి ఫొటో తీయిస్తున్నాం. ఫొటోగ్రాఫరు వేలు మీటమీదికి వెళ్ళింది. అప్పుడు ఈల వినిపించింది. "ఆగండి! ముప్పై ఏడే ఉన్నారు. ఇందాక ముప్పై ఎనిమిది!" నవ్వులు ముఖాలమీదే ఎండిపోయాయి. పెదనాన్న మేడెక్కి, అక్కడ కునుకు తీస్తున్న పెళ్ళికొడుకు తాతగారిని చెయ్యి పట్టుకుని దింపుకొచ్చాడు. ఈలోగా అయిదుగురు భోజనాలకు జారుకున్నారు. కథ మళ్ళీ మొదటికొచ్చింది. ఆ రోజు ఆయన్ని తిట్టనివాడు లేడు, నాతో సహా.

మా వీధిలో ఎవరు వ్యాపారం మొదలుపెట్టినా ముందు పెదనాన్న దగ్గరికి వచ్చేవారు. ఈయన వెళ్ళి గుమ్మంలో నిలబడి, సీట్లెన్నో తలలెన్నో చూసి, ఒకే ఒక్క మాట చెప్పేవాడు: "బండి కదలదు." కరాటే మాస్టారికి అదే చెప్పాడు. "ఇరవై మంది చేరారండీ," అన్నాడు మాస్టారు. "డబ్బులిచ్చి తన్నులు తిన్నవాడు రెండో నెల రాడు నాయనా," అన్నాడు పెదనాన్న. మూడో నెలకు కరాటే మూతబడింది. సెలూన్ ఆయనకూ ఇదే మాట చెప్పాడు గానీ ఆ సెలూన్ ఇరవై ఏళ్ళుగా నడుస్తూనే ఉంది. పెదనాన్న ఇప్పటికీ అక్కడే జుట్టు కత్తిరించుకుంటాడు.

"బండి కదలదని ఆనాడే చెప్పానా?" అంటాడు కుర్చీలో కూర్చుని.

"చెప్పారండీ. మీరు మాత్రం తల కదపకండి," అంటాడు సెలూన్ ఆయన.

ఇక నా సంగతి. నేను బీమా ఆఫీసులో గుమాస్తాను. ఒక సాయంత్రం ఇంటికొస్తుంటే నాలుగు వీధుల అవతల కొత్తగా పెట్టిన కంప్యూటర్ గేమింగ్ సెంటర్ కనబడింది. గంటకింత అని కట్టి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పెద్ద పెద్ద తెరల ముందు ఆటలాడుకునే చోటు అన్నమాట. లోపల జనం ఇసకేస్తే రాలనట్టున్నారు. ఇంత తేలికైన వ్యాపారం పెట్టుకోక ఫైళ్ళ దుమ్ము ఎందుకు తింటున్నాను అనిపించింది. ఆ రాత్రే మా ఆవిడకు చెప్పాను. ఆవిడ బడిలో లెక్కల టీచరు.

"నలభై మంది ఉన్నారే!"

"మీరు లెక్కపెట్టారా?"

"లెక్కపెట్టాను."

"మీ లెక్క నేను నమ్మను. మావయ్యగారిని తీసుకెళ్ళండి."

మర్నాడు తీసుకెళ్ళాను. పెదనాన్న గుమ్మంలో నిలబడి, చూపుడువేలు కాస్త ఆడిస్తూ ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు.

"మొత్తం నలభై ఒకటి. కూర్చున్నవాళ్ళు పన్నెండు, నిలబడ్డవాళ్ళు ఇరవై తొమ్మిది. నిలబడ్డవాళ్ళకి టికెట్టెంత?"

"వాళ్ళకు టికెట్టుండదు పెదనాన్నా. ఆడేవాళ్ళ వెనక నిలబడి చూస్తారంతే."

"ఊరికేనా?"

"ఊరికేనే."

పెదనాన్న గుమ్మం పట్టుకున్నాడు. "ఫుట్‌బోర్డు మీద వేళ్ళాడేవాడికి కూడా టికెట్టు కొట్టానురా నేను! ఇదేం బండిరా? ఈ బండి కదలదు."

పోయేకాలమొస్తే బుద్ధులు వేరుగా ఉంటాయంటారు. నేను వినలేదు. జీతం లేని సెలవు మూడు నెలలు పెట్టాను. దాచుకున్నదంతా తీసి, వీధి మొదట్లో మూసేసిన టైల్స్ షాపు అద్దెకు తీసుకున్నాను. పన్నెండు కంప్యూటర్లు వచ్చాయి. పాత షాపువాళ్ళు గోడకు అతికించిన నమూనా టైల్స్ ఊడిరాక అలాగే ఉండిపోయాయి. ఏడో నంబరు కుర్చీలో కూర్చుని యుద్ధం చేసేవాడికి ఎదురుగా బాత్రూం గులాబీలు కనబడేవి.

మా ఆవిడ ఒకే ఒక్క షరతు పెట్టింది. "తొంభయ్యో రోజు సాయంత్రం బడి అయ్యాక వస్తాను. పన్నెండు కుర్చీల్లోనూ మనుషులుండాలి. లేకపోతే మర్నాడు పొద్దున మీరు ఆఫీసు కుర్చీలో ఉండాలి."

"పదకొండు కుర్చీలు నిండితే?"

"పదకొండు పన్నెండు కాదు."

లెక్కల టీచరును చేసుకున్నవాడికి ఆ పైన అడగడానికేం ఉంటుంది?

తెరిచిన రోజునుంచే పెదనాన్న హాజరు. బండి కదలదన్న పెద్దమనిషి రోజూ పది గంటలకల్లా వచ్చి గుమ్మం పక్కన నిలబడేవాడు. ఎంత చెప్పినా కూర్చునేవాడు కాదు. "కండక్టరు సీటెక్కితే ప్యాసింజరు నిలబడాలి," అనేవాడు. వచ్చేవాళ్ళను "లోపలికి జరగండి, లోపల బోలెడు ఖాళీ" అని తోలేవాడు. తుపాకీ ఆట ఆడుతున్నవాడి హెడ్‌ఫోను పక్కకి జరిపి, "మోచెయ్యి బయటపెట్టకు బాబూ," అని హెచ్చరించేవాడు. ఓడిపోయి దిగులుగా లేచేవాడి భుజం తట్టి, "పర్లేదులే, వెనకాల ఇంకో బండి ఉంది," అనేవాడు. వారం తిరక్కుండా అందరికీ రైట్ రైట్ తాత అయిపోయాడు.

అయితే బేరం మాత్రం పెదనాన్న చెప్పినట్టే ఉంది. తొమ్మిది మంది కూర్చుంటే ఇరవై మంది నిలబడేవారు. నిలబడ్డవాళ్ళు ఊరుకుంటారా? "ఎడమకు తిప్పు! వెనకాల వస్తున్నాడు చూడు!" అని కేకలు. గది ఉక్కపోసేది, ఏసీ మూలిగేది. నాకు ఒళ్ళు మండింది. రెండో నెల మధ్యలో ఒక బోర్డు రాయించి తలుపుకు తగిలించాను: ఆడనివారు లోపల నిలబడరాదు.

పెదనాన్న ఆ బోర్డు రెండుసార్లు చదివాడు.

"ఎవర్రా రాసింది?"

"నేనే. నువ్వే కదా అన్నావు, నిలబడ్డవాళ్ళకు టికెట్టు లేకపోతే బండి కదలదని!"

"టికెట్టెంత అని అడిగాను. దింపెయ్యమన్నానా?"

అంతే, వెళ్ళిపోయాడు. నిలబడేవాళ్ళూ వెళ్ళిపోయారు. గది చల్లబడింది, ఏసీ శాంతించింది. నేను కాలుమీద కాలేసుకుని కూర్చున్నాను. రెండ్రోజుల్లోనే కూర్చునేవాళ్ళు తొమ్మిది నుంచి నాలుగుకు దిగారు. రోజూ వచ్చే ఒకతన్ని ఏమైందని అడిగాను. "గెలిస్తే అరిచేవాడు లేడండీ. ఒక్కణ్ణే గెలవాలంటే ఇంట్లోనే గెలవచ్చు కదా," అని లేచిపోయాడు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది, పెదనాన్న రాకపోవడం. ఒకరోజు, రెండ్రోజులు, మూడ్రోజులు. ఆయన "బండి కదలదు" అని రోజుకు పదిసార్లు అన్నా నాకు ఇంత బెంగ పుట్టలేదు. మూడో రోజు తాళం వేసి వాళ్ళింటికి వెళ్ళాను. పెద్దమ్మ ఒక్కతే ఉంది.

"పొద్దున్నే పాత టికెట్ల సంచీ భుజాన వేసుకుని పోయాడురా. ఏం చేశావు ఆయన్ని?"

బోర్డు సంగతి చెప్పాను. పెద్దమ్మ నవ్వి, బీరువాలోంచి లావుపాటి అట్ట ఫైలు తీసి నా ఒళ్ళో పడేసింది. నిండా మెమోలే. నలభై ఒకటి. అన్నిట్లోనూ ఒకటే నేరం: ఏడున్నర బండి ఆలస్యం.

"ఇన్నా!"

"ఇంకా కొన్ని ఎలకలు కొట్టేశాయి. రోజూ ఎక్కేవాళ్ళలో ఒక్క తల తగ్గినా ఈల వేసేవాడు కాదు మీ పెదనాన్న. ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే ఆవిడ ఉండేది, కాలు సరిగా లేదు పాపం. ఆవిడ సందు మలుపు తిరిగి కనబడేదాకా బండి కదిలేది కాదు. డ్రైవరు తిట్టేవాడు, జనం తిట్టేవాళ్ళు, పైవాళ్ళు మెమో ఇచ్చేవాళ్ళు. ఈయన మెమో మడిచి జేబులో పెట్టుకుని మర్నాడు మళ్ళీ ఆపేవాడు."

"మరి ఆ లెక్కలన్నీ..."

"ఎంతమంది ఉన్నారో తెలుసుకోడానికి అనుకున్నావా? ఎవరు లేరో తెలుసుకోడానికిరా!"

నాకు పెళ్ళి ఫొటో గుర్తొచ్చింది. ఆ తాతగారు ఆ తర్వాత ఇంకే ఫొటోలోనూ లేరు. మా చెల్లెలి ఇంట్లో గోడమీద ఆయన ఉన్నది ఆ ఒక్క ఫొటోలోనే. ఆ రోజు పెదనాన్నను తిట్టిన తిట్లు తలుచుకుని నిజంగా సిగ్గుపడ్డాను.

నాలుగో రోజు పొద్దున పెదనాన్న సంచీతో దిగాడు. ఒక పాత టికెట్ల పుస్తకం తీసి నా ముందు పెట్టాడు. టికెట్ల వెనక పెన్సిల్ రాతలు.

"చదువు."

చదివాను. 'నీలం చొక్కా. కొరియర్. మధ్యాహ్నం అరగంట తీరిక. గంట కుదరదు.' 'అక్కాచెల్లెళ్ళు ఇద్దరు. కుట్టుమిషన్ల షాపు. బస్సు వచ్చేదాకా అరగంట.' 'మందుల కొట్టాయన. భార్య కొట్లో కూర్చునే అరగంట.' 'సోడాబుడ్డి కళ్ళజోడు. కాలేజీ. గంట ఆడితే ఇంటికి నడిచి పోవాలి.' ఇలా ఇరవై మూడు మంది ఉన్నారు.

"వీళ్ళంతా ఎక్కడ దొరికారు పెదనాన్నా?"

"బస్టాపులో మూడ్రోజులు నిలబడితే దొరకనివాడెవడురా? వాళ్ళు చూడ్డానికొచ్చారనుకున్నావు. వాళ్ళూ ఎక్కడానికే వచ్చార్రా! గంటకు తక్కువ టికెట్టే లేదని నువ్వంటే ఏం చేస్తారు, నిలబడ్డారు. హాఫ్ టికెట్టు పెట్టు."

పన్నెండు కంప్యూటర్లు కొనేముందు ఎన్ని పుస్తకాలు చదివాను, ఎంతమందిని అడిగాను! గుమ్మంలో నిలబడ్డ ఈ మనిషి మొదటి రోజే అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు వెతకలేదు.

పెదనాన్న నా బోర్డు ఊడదీసి, తిరగేసి, వెనక తనే రాశాడు: అరగంట టికెట్టు కలదు. నిలబడువారు లోపలికి జరగవలెను.

ఆ మర్నాటి నుంచి మా గదిలో ఈల మొదలైంది. అరగంటకొకసారి ఒక ఈల: "దిగేవాళ్ళు ముందు! ఎక్కేవాళ్ళు తర్వాత!" రెండు ఈలలు: "రైట్ రైట్!" నీలం చొక్కా తిరిగొచ్చాడు. అక్కాచెల్లెళ్ళొచ్చారు. వాళ్ళ అరుపులకు పాత తొమ్మిది మందీ వెనక్కొచ్చారు. టైమైనా లేవనివాళ్ళ పక్కకు వెళ్ళి నిలబడేవాడు పెదనాన్న.

"తాతా, ఒక్క నిమిషం! చచ్చిపోతున్నాను!"

"చచ్చి దిగు నాయనా. వెనకవాళ్ళున్నారు."

తొంభయ్యో రోజు వచ్చింది. నాలుగున్నరకు మా ఆవిడ వస్తుంది. నాలుగూ ఇరవైకి గది కిటకిటలాడుతోంది. తీరా చూస్తే, ఏడో నంబరు కుర్చీ ఖాళీ! ముందు కళ్ళజోడు కుర్రాడు, వెనక మందుల కొట్టాయన, ఇద్దరూ ఆ కుర్చీకేసి ఆశగా చూస్తున్నారు. పెదనాన్న అడ్డంగా చెయ్యి చాపి నిలబడ్డాడు.

"పెదనాన్నా! కళ్ళజోడును కూర్చోబెట్టు!"

"రిజర్వుడు."

"ఎవరికి?"

"ఒకరు తక్కువున్నారు."

"వాళ్ళొచ్చాక చూద్దాం! ముందు ఎవరో ఒకర్ని కూర్చోబెట్టు, నీకు దణ్ణం పెడతాను!"

"నలభై ఒక్క మెమోలు తిన్నవాణ్ణిరా. నువ్వు కూడా ఒకటియ్యి."

తలుపు తెరుచుకుంది. భుజాన సంచీ, చేతివేళ్ళకు సుద్దపొడి, మా ఆవిడ నిలబడి ఉంది. కుర్చీలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. ఆవిడ పెదవులు కదులుతున్నాయి. నేను కళ్ళు మూసుకున్నాను. రేపు పొద్దున వేసుకోవలసిన ఆఫీసు చొక్కా ఇస్త్రీ చేసి ఉందో లేదో అని ఆలోచిస్తున్నాను.

"పదకొండు," అంది ఆవిడ.

"పన్నెండోది ఆడవాళ్ళ సీటమ్మా," అన్నాడు పెదనాన్న చెయ్యి దించుతూ. "నీకోసమే బండి ఆపాను. రా, కూర్చో."

మా ఆవిడ నావైపు చూసింది, పెదనాన్నవైపు చూసింది, గులాబీల టైల్స్ వైపు చూసింది. తర్వాత సంచీ నా చేతికిచ్చి, వెళ్ళి ఏడో నంబరులో కూర్చుంది.

"ఒక హాఫ్ కొట్టండి మావయ్యగారూ."

నేను కౌంటరు వెనక నా కుర్చీలో కూలబడబోయాను. పెదనాన్న భుజం పట్టుకుని ఆపాడు.

"లెయ్. మందుల కొట్టాయన ఎంతసేపటినుంచి నిలబడ్డాడో తెలుసా?"

"నేను ఓనర్ని పెదనాన్నా!"

"అందుకే నిలబడు."

నిలబడ్డాను. మా ఆవిడ కార్ల పందెం పెట్టుకుని, మొదటి మలుపులోనే ఎదుటివాణ్ణి గుద్దేసి, "వాడిదే తప్పు," అంది. వెనకనుంచి ఇరవై గొంతులు ఔనన్నాయి. తొంభై ఒకటో రోజు పొద్దున నేను ఆఫీసుకు వెళ్ళిన మాట నిజమే. రాజీనామా కాగితం ఇచ్చి పది నిమిషాల్లో వచ్చేశాను.

ఆ సాయంత్రం మాత్రం ఉండబట్టలేక పెదనాన్న చెవిలో అడిగాను. "ఇప్పుడు చెప్పు. బండి కదులుతుందా?"

పెదనాన్న వేలు ఆడిస్తూ ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి, మళ్ళీ ఆ చివర నుంచి ఈ చివరకు ఒకసారి లెక్కపెట్టాడు. చివర్లో ఆ వేలు నా ఛాతీమీద ఆనించాడు.

"అందరూ ఉన్నారు," అన్నాడు. చొక్కాలోంచి ఈల తీసి రెండుసార్లు ఊదాడు.