అద్భుతం అనని మనిషి

మందుల షాపాయన మాత్రలు కవర్లో వేసి ఇస్తూ నవ్వాడు.

"పేపర్లో సార్ మాట చూసి నేనూ ఆ ఎర్ర వైన్ కొన్నానమ్మా. ఈమధ్య ఇటు రావడమే మానేశారు. బాగున్నారా?"

ఆవిడ కవరు తీసుకుని బయటికొచ్చేసింది. ఆవిడ భర్త పోయి యాభై రోజులు.

ఇంటికి పోలేదు. పక్క కొట్లో పత్రిక కొని అక్కడే నిలబడి విప్పింది. అది ఆవిడ పేజీయే. ఎండాకాలంలో ఏం తాగొచ్చు, ఏం కట్టుకోవచ్చు, ఏ సినిమాకి పోవచ్చు అని ఇరవై రెండేళ్లుగా ఆ వారపత్రికలో రాస్తోంది. కొత్త చొక్కా గురించి రాయాలంటే ముందు మూడుసార్లు ఉతికి ఎండలో ఆరేయాల్సిందే. అందుకే ఆఫీసులో ఆవిడకి మూడుతుకుల మేడమ్ అని పేరు. సినిమాకి మధ్యాహ్నం ఆటకే పోయేది, అదీ ముందు వరసలో. హాల్లో చల్లగా ఉందో లేదో ఆ వేళకే తెలుస్తుందనేది.

వైన్ మాత్రం ఆవిడకి పడదు, వాసనకే తల తిరుగుతుంది. ఆ పని ఆయనది. లారీ మెకానిక్కు. ఇంజను చప్పుడు వింటున్నట్టు తల ఓరగా పెట్టి తాగేవారు. సీసా తెరిచిన రోజు అర గ్లాసు, మర్నాడు అర గ్లాసు. "మామూలు ఇంట్లో సీసా ఒక్కరోజులో ఎవరు అవగొడతారే? మర్నాటికీ నిలబడాలి" అనేవారు. ఆయన చెప్పిన ఒక్క ముక్కా 'మా ఇంటాయన మాట' అని పేజీ మూల చిన్న డబ్బా కట్టి వేసేవాళ్లు. జనం ముందు అదే చదివేవాళ్లు. 'దీనికంటే మంచినీళ్లు నయం.' 'మొదటిరోజు వరకే.' ఎంతో బాగుంటేనే 'పర్లేదు.' పెళ్లినాడు కొత్త చీరలో తనని చూసి కూడా పర్లేదు అన్న మనిషి.

ఈ ఏడు ఆ డబ్బాలో ఆవిడ 'ఈసారి వైన్ లేదు' అని మాత్రమే రాసి పంపింది. ఇప్పుడు అక్కడ ఇలా ఉంది: 'అద్భుతం! ప్రతి ఇంట్లో ఉండాల్సిన సీసా.' పక్క పేజీ నిండా అదే సీసా ప్రకటన.

ఆవిడ తిన్నగా వైన్ షాపుకెళ్లి ఆ సీసా కొంది. నడుస్తుంటే చెప్పులు నేలకేసి కొడుతున్నట్టే ఉన్నాయి.

పత్రిక ఆఫీసుకి పోయి ఎడిటర్ బల్ల మీద సీసా దబ్బున పెట్టింది. ఆయన లేచి నిలబడ్డాడు.

"అయ్యో, మీరెందుకొచ్చారు మేడమ్? బాధలో ఉన్నారు కదా, మీకు పని తగ్గిద్దామని నేనే రెండు ముక్కలు రాసి..."

"ఎవరి నోటితో రాశారు?"

"ఖాళీగా ఉంటే బాగోదని..."

"ఖాళీగా ఉందనే రాశాను! మా ఇంట్లో ఖాళీగానే ఉంది! మందుల షాపాయన ఆయన బాగున్నారా అని అడుగుతుంటే నేనేం చెప్పాలి? బానే ఉన్నారు, వైన్ తాగుతున్నారు అని చెప్పనా?"

గదిలో కీబోర్డులు ఆగిపోయాయి.

"పోనీ, మీరన్నా తాగి రాశారా?"

ఎడిటర్ సీసాని పక్కకి జరిపాడు.

ఆవిడ నీళ్ల కుండ దగ్గరున్న గ్లాసు తెచ్చి, సీసా మూత తిప్పి సగం పోసింది. "తాగండి."

"ఆఫీసులో ఏంటి మేడమ్..."

"పోయిన మనిషి పేరు పెట్టి రాసింది ఆఫీసులోనేగా."

కంప్యూటర్లో పేజీలు పెట్టే అమ్మాయి కుర్చీ తిప్పకుండానే అంది, "అక్కా, పొద్దున్నుంచి ఎడిటర్ గారేం తినలేదు. బిస్కెట్టన్నా ఇవ్వనా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ నవ్వలేదు. ఎడిటర్ తాగాడు. మొహం కొంచెం ముడుచుకుంది.

"ఎలా ఉంది?"

"పర్లేదు..."

"ఆ మాట అనకండి!" ఆవిడ అరిచింది. "మీకు కావలసినన్ని మాటలున్నాయి. ఆ ఒక్కటీ వదిలేయండి. అది ఆయనది."

ఎడిటర్ గ్లాసు బల్ల మీద పెట్టి కాగితం, పెన్ను ఆవిడ వైపు జరిపాడు. ఆవిడ నిలబడే రాసింది. పై వారం అదే డబ్బాలో, అదే పేరు కింద, అక్షరం మారకుండా వచ్చింది:

'పోయిన వారం ఇక్కడ వచ్చిన మాట మా ఇంటాయనది కాదు. ఎండలు ముదరకముందే ఆయన చనిపోయారు. ఆ వైన్ ఆయన తాగలేదు, నేనూ తాగలేదు. రాసినవారు రాశాక తాగారు. ఇక ఈ డబ్బా ఉండదు.'

ప్రకటన మళ్లీ రాలేదు. ఆవిడ పేజీ మాత్రం ఆగలేదు. ఆ వారం చొక్కా వంతు. నీలం చొక్కా, ఎప్పట్లాగే ఆయన కొలతకే కొన్నది, రెండు ఉతుకులు ఆయన ఉండగానే అయ్యాయి. మూడోసారి ఆవిడ దాన్ని బండకేసి బాదింది, చేతులు నొప్పిపెట్టేదాకా. తీగ మీద ఆరేసి చూస్తే మనిషి పోయినా చొక్కా రంగు వీసమెత్తు పోలేదు. చూసినకొద్దీ ఆవిడకి ఒళ్లు మండిపోయింది.