తొంభైలోంచి తీయని కోణం

హాపర్ వాలు తప్పని నాకు ముందే తెలుసు. మా బావ అందులోకి దిగకముందే తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

ఎనభైల చివర పటాన్‌చెరులో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో రేకుల మీద గీతలు గీసే పని నాది. ఒక మందుల ఫ్యాక్టరీకి హాపర్ చెయ్యాల్సి వచ్చింది. పైన వెడల్పుగా, కింద సన్నటి మూతితో ఉండే పెద్ద ఇనుప గరాటు అది. పొడి దానంతటదే జారాలంటే గోడలు నిటారుగా ఉండాలి. డ్రాయింగులో నిలువు గీతకూ గోడకూ మధ్య ముప్పై అయిదు డిగ్రీలని ఉంది. నేను కొలిచేది నేల గీత నుంచి. నిలువుకూ నేలకూ మధ్య తొంభై కాబట్టి, అందులోంచి ముప్పై అయిదు తీసేస్తే నాకు కావలసిన కోణం యాభై అయిదు. బడిలో ఎన్నిసార్లో చేసిన లెక్క. ఆ రోజు తీసివేయడం మరిచి, ముప్పై అయిదే పెట్టేశాను. గోడలు చదునుగా పడ్డాయి. రేకు మిగిలిందని సేటు మెచ్చుకున్నాడు. ఫ్యాక్టరీవాళ్లూ కొలిచి చూసుకోలేదు.

ఆ ఫ్యాక్టరీలోనే మా అక్క భర్త హెల్పరు. చిట్కుల్‌లో వాళ్లింట్లోనే నేనూ ఉండేవాణ్ణి. బావ కనుబొమల మీద తెల్లటి పొడితో ఇంటికొచ్చేవాడు. పొడి దిగడం లేదని, గోడలను సుత్తులతో కొడుతున్నామని చెప్పేవాడు.

"బామ్మర్దీ, మీ హాపర్ అచ్చం నీ లెక్కనే ఉన్నది. నాలుగు తంతెగాని కదలదు" అన్నాడొకసారి. అక్క నవ్వింది.

మర్నాడు షెడ్డులో ఆ హాపర్ రేకులు గీయడానికి వాడిన పాత అట్ట నమూనా మీద కోణమాని పెట్టి చూశాను. యాభై అయిదు ఉండాల్సిన చోట ముప్పై అయిదు ఉంది.

హాపర్ నిండా సొట్టలు పడ్డాయి. తరువాత సుత్తులూ పనిచెయ్యలేదు. లోపలికి దిగి గడ్డపారతో పొడవమంటున్నారని బావ అన్నం తింటూ చెప్పాడు. పొడి పైకి గట్టిగా కనిపిస్తుందట, కింద డొల్లగా ఉంటుందట.

"ఏమంటవ్? దిగొచ్చంటవా?" అని నన్నే అడిగాడు.

నిజం చెబితే నా పని పోతుందని భయం. "వానలకు పొడి తడిసుంటది బావా. పొడిస్తె దిగుతది" అన్నాను.

ఆ వారమే అతని కాళ్ల కింద పొడి కుంగింది. మెడదాకా కూరుకుపోయిన మనిషిని తాళ్లేసి లాగారు. బతికాడు గానీ ఊపిరి మునుపటిలా కాలేదు. నిర్లక్ష్యంగా దిగాడని ఫ్యాక్టరీవాళ్లు పని తీసేశారు. అక్క అదే మాట ఏళ్ల తరబడి దెప్పింది. తప్పు తనదేనని అతనూ నమ్మాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా నేను లేచి బయటికి వెళ్లేవాణ్ణి.

నిరుడు ఎండాకాలం ఇద్దరినీ కూర్చోబెట్టి కోణం సంగతి చెప్పాను. బావ దగ్గు తగ్గేదాకా ఆగాను.

"తప్పు నీది గాదు బావా. కోణం నేను తప్పు పెట్టిన. నువ్వు అడిగిననాడు తెలిసి గూడ అబద్ధం చెప్పిన. అక్కా, ఇన్నేండ్లు నువ్వు బావను అన్న మాటలు నన్ను అనాల్సినయి. ఇద్దరూ నన్ను మాఫ్ చెయ్యుండ్రి."