మేడం చెప్పిన సాక్ష్యం

నేను ఖమ్మంలో బి.ఏ. ఆఖరి సంవత్సరం చదివింది 1986లో. మా కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరర్లు ముగ్గురుండేవారు. వాళ్ళలో నిర్మలాదేవి మేడం ఒక్కరే సిలబస్‌లో లేనిది కూడా చెప్పేవారు. శనివారం మధ్యాహ్నం ఖాళీగా ఉన్న గంటలో, ఇష్టమైనవాళ్ళు రావచ్చని బోర్డు మీద రాసిపెట్టేవారు. మొదటి వారం ముప్పై మందిమి వెళ్ళాం. నెల తిరిగేసరికి తొమ్మిది మందిమి మిగిలాం. నేను మానకపోవడానికి మొదట్లో పెద్ద కారణమేమీ లేదు. హాస్టల్ గదిలో ఉక్కపోత, ఆ క్లాసు గదిలో ఫ్యాను.

మాది రేలగుంపు. పర్ణశాల దాటాక గోదారి ఒడ్డు వదిలి ఆరు మైళ్ళు లోపలికి నడవాలి. ముప్పై ఇళ్ళ కోయ గూడెం. మా నాయన దూలయ్య పోడు చేసేవాడు, ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు కోసేవాడు, మిగతా రోజుల్లో సారపాక కాగితం మిల్లుకు పోయే వెదురు నరకడానికి కూలికి వెళ్ళేవాడు. గూడెంలో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే. కాలేజీలో ఎవరైనా ఊరేదని అడిగితే భద్రాచలం అనేసి ఊరుకునేదాన్ని.

ఆ శనివారాల్లో మేడం తెల్లవాళ్ళు ఏలిన దేశాల గురించి చెప్పేవారు. 1948లో ఐక్యరాజ్యసమితి ఒప్పుకున్న మానవ హక్కుల ప్రకటనను తనే తెలుగులో రాసి, కార్బన్ కాగితం పెట్టి మాకందరికీ తలా ఒక ప్రతి ఇచ్చారు. ఒకరోజు ఆఫ్రికాలో జర్మన్లు చేసిన పని చెప్పారు. 1904లో హెరెరో అనే జాతి వాళ్ళు తిరగబడితే, జర్మన్ సైన్యం వాళ్ళను ఆడా మగా పిల్లా జెల్లా అందరినీ ఎడారిలోకి తరిమి, వెనక్కి రాకుండా నీటి చెలమల దగ్గర తుపాకులతో కాపలా పెట్టిందట. దాన్ని జాతి నిర్మూలన అంటారని మేడం బోర్డు మీద రాశారు.

నేను క్లాసులో నోరు విప్పేదాన్ని కాదు. ఆ రోజు మాత్రం ఉండబట్టలేక అడిగాను. చెలమ కాడ కాపలా ఉన్నోళ్ళు ఇంటికి పోయి వాళ్ళ పిల్లల్ని ఎత్తుకునేటోళ్ళా అని.

మేడం చాక్‌పీసు బల్ల మీద పెట్టారు. "ఎత్తుకునేవాళ్ళేనమ్మా. ముద్దు కూడా చేసేవాళ్ళు. అది అర్థం చేసుకోవడం కోసమే మనం ఇది చదివేది" అన్నారు.

దసరా సెలవులకు ముందు మాకొక పని అప్పజెప్పారు. ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగి, అక్కడ మనుషుల హక్కులకు ఏం జరిగిందో, ఊరి పేరుతో సహా, వాళ్ళు చెప్పిన మాటల్లోనే రాసుకుని రమ్మన్నారు.

మా నాయనమ్మ జంపక్కకు అప్పటికి డెబ్బై అయిదు దాటి ఉంటాయి. వాకిట్లో కూచుని అడ్డాకులతో విస్తర్లు కుడుతుంటే నేను నోట్‌బుక్కు పట్టుకుని పక్కన చేరాను. నేను చదువుతున్నదేమిటో తనకు ముందు చెప్పాలంది. ఎడారి సంగతి, చెలమల సంగతి చెప్పాను. వింటూ పుల్ల గుచ్చడం ఆపేసింది. మన దగ్గర కూడా అట్లా జరిగిందా అని అడిగాను.

"మమ్ముల్ని గట్ల చంపలే బిడ్డా" అంది. "ఈడ మనుషులు లేరని రాసుకున్నరు. గంతే."

తన చిన్నతనంలో తెల్లదొరల మనుషులొచ్చి అడవికి హద్దురాళ్ళు పాతారట. రాళ్ళకు లోపలున్నదంతా సర్కారు అడవి, దాంట్లో ఎవరూ లేరని కాగితాల మీద ఎక్కించారు. లోపల అప్పటికి నాలుగు గూడేలున్నాయి. పంట కోసుకునేదాకా కూడా ఆగకుండా గుడిసెలు పీకించారు. గోదారికి అవతలి ఒడ్డు నిజాముది, ఇవతలిది తెల్లదొరది, ఏ ఒడ్డుకు పోయినా అదే కర్ర అంది నాయనమ్మ. చివరికి వాగు పక్కన, అడవి బయట కొంత నేల చదును చేసుకున్నారు. చుట్టూ ఇప్పచెట్లున్నందుకు దాన్ని ఇప్పచెలక అనేవారు. పదకొండు ఎకరాలు.

అది కూడా నిలవలేదు. స్వాతంత్య్రం వచ్చిన ఏడెనిమిదేళ్ళకు కోస్తా నుంచి వచ్చిన ఒక దొర, మూడేళ్ళు దున్నుకుని తిరిగి ఇస్తానని మా తాత పగిడయ్యతో కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. మూడేళ్ళయ్యాక తాత అడగబోతే, నువ్వు అమ్మేశావు కదా అన్నాడట. తాత నాలుగు సార్లు పోయి అడిగి వచ్చాడు. అయిదోసారి పోలేదు. ఇప్పుడు మేమున్న రాళ్ళ నేలకు అప్పుడే వచ్చాం. వచ్చిన ఏడే జ్వరంతో మా చిన్న మేనత్త పోయింది. ఆ మాట చెబుతూ నాయనమ్మ మళ్ళీ విస్తరి అందుకుంది.

దొర పేరు అడిగితే, దొర పేరు మేమెట్ల పిలుస్తమే, దొరా అనే అంటిమి అంది.

ఖమ్మం వచ్చి పదహారు పేజీలు రాశాను. చెలక పేరు, వాగు పేరు, తాత పేరు, వేలిముద్ర సంగతి అన్నీ రాశాను. మొదటి పేజీలో మాది రేలగుంపు అని రాయడానికి మాత్రం కాసేపు పట్టింది.

అందరి నోట్‌బుక్కులూ తిరిగొచ్చాయి, నాది రాలేదు. రెండు వారాలు చూశాను. మేడం నన్ను చూసి కూడా చూడనట్టు వెళ్ళిపోతుంటే, రాయకూడనిది రాశానేమో, హాస్టల్ నుంచి పంపేస్తారేమో అని భయం పట్టుకుంది. ఒక ఆదివారం ఇంటికి రమ్మని కబురు పెట్టారు. వెళితే ఉప్మా పెట్టారు, టీ ఇచ్చారు. తర్వాత నా నోట్‌బుక్కు తెచ్చి మధ్యలో పెట్టారు.

"కన్నమ్మా, ఈ ఇప్పచెలక దున్నుతున్నది మా నాన్న" అన్నారు. "ఆ వాగు నాకు తెలుసు. ఆ చెట్ల కింద నేను ఆడుకున్నాను. ఆ పొలంలో పండిన మిరపకాయలతోనే నన్ను చదివించారు."

లేచి నిలబడ్డాను. నాకు తెలియక రాశానని, చెలక పేరు కొట్టేసి మళ్ళీ రాసిస్తానని అన్నాను.

"కూర్చో. పేరు కొట్టెయ్యొద్దు" అన్నారు మేడం. "అది కొట్టేస్తే ఇన్నాళ్ళు నేను మీకు చెప్పిందంతా కొట్టేసినట్టే. నీకు నూటికి ఎన్ని మార్కులెయ్యాలో మాత్రం నాకు తెలీడం లేదు. ముందు నేను మీ నాయనమ్మను చూడాలి."

సంక్రాంతి కూడా కాకముందే వచ్చారు. బస్సు దిగి ఆ ఆరు మైళ్ళూ నాతో నడిచారు. నేను పీట వేస్తే వద్దని నాయనమ్మ ఎదురుగా నేల మీద కూర్చున్నారు. తానెవరి బిడ్డో మేడం చెప్పబోతుంటే నాయనమ్మే ఆపింది. నిన్ను ఆనవాలు పట్టిన, మేం ఇప్పపూలకు చెలక కాడికి వచ్చినప్పుడల్లా జడలేసుకుని మాతో పూలు ఏరిన పిల్లవు నువ్వే కదా అంది. మేడం తల వంచుకుని ఏడ్చారు. నాయనమ్మకు ఏం చేయాలో తోచక, మంచినీళ్ళు తెమ్మని నన్ను కసిరింది.

ఆ మరునాడు మేడం ఒక్కరే పుట్టింటికి వెళ్ళారు. అక్కడ జరిగింది తర్వాత ఆమే నాకు చెప్పారు. తండ్రి వెంకటనారాయణ ఊళ్ళో మంచిపేరున్న మనిషి. బడికి గది కట్టించాడు, జ్వరమొచ్చిన కూలీలను తన బండిలో దవాఖానాకు పంపేవాడు. కూతురు ఇప్పచెలక మాట ఎత్తగానే, ముళ్ళు కొట్టి రాళ్ళు ఏరి బావి తవ్వింది తనేనని, ఎవరినైనా చంపి తెచ్చుకున్నానా అని అరిచాడట. మేడం ఆ వేలిముద్ర కాగితం చూపించమన్నారు. అట్లాంటిదేమీ లేదన్నాడు. అప్పుడు లోపలి గదిలోంచి తల్లి పద్మావతమ్మ వచ్చి, పెట్టె అడుగున ముప్పై ఏళ్ళుగా ఉన్న కాగితం తెచ్చి కూతురి చేతిలో పెట్టింది. మూడేళ్ళ కౌలు అని అందులో స్పష్టంగా ఉంది. తను కాపురానికి వచ్చిన కొత్తలో ఆ కాగితం తన ముందే రాశారని, చదువు రాక కాదు, అడిగే ధైర్యం లేక ఊరుకున్నానని ఆమె అందట.

గిరిజనుల భూమి ఇతరులకు చెల్లదనే చట్టం మా ఏజెన్సీలో పందొమ్మిది వందల పదిహేడు నుంచీ ఉంది. అడవిలో మనుషులే లేరని రాసుకున్న ఆ తెల్లదొరల పాలనే ఆ చట్టమూ చేసింది. ఆ రెండూ ఒకే పాలనలో ఎట్లా ఇమిడాయో మేడం నాకు గంటసేపు చెప్పారు. చరిత్రలో ఎవరినీ ఒక్క మాటతో తేల్చేయకూడదని నేను నేర్చుకున్నది ఆ రోజే. డెబ్బైలో ఆ చట్టం ఇంకా గట్టిపడింది. అయినా మా నాయనకు కేసు వేయడం ఇష్టం లేకపోయింది. దొరతో పెట్టుకుని ఎక్కడ బతుకుతామన్నాడు. నాయనమ్మే నాయనను పంపింది. భద్రాచలంలో భూముల కేసులు వినే ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాం.

రెండున్నరేళ్ళు పట్టింది. సాక్షిగా మేడం రెండుసార్లు ఖమ్మం నుంచి వచ్చారు. రెండోసారి నేను అక్కడే ఉన్నాను. అవతలి వకీలు, తండ్రి మీద కోపంతో వచ్చారా అని అడిగాడు.

"మా నాన్నంటే నాకు ప్రేమ" అన్నారు మేడం. "ఆయన నన్ను బాగా పెంచారు. ఈ భూమి మాత్రం ఆయనది కాదు."

వెంకటనారాయణ అదే గదిలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. కండువాతో మొహం తుడుచుకుంటూ ఉండిపోయాడు.

ఆ మాటకు మేడం చాలా కోల్పోయారు. చుట్టాలు పెళ్ళిళ్ళకు పిలవడం మానేశారు. తండ్రి రెండేళ్ళు మాట్లాడలేదు. తల్లి మాత్రం దొంగచాటుగా ఊరగాయ పంపేది. మేడం వీటి గురించి ఎప్పుడూ గొప్పగా చెప్పుకోలేదు. ఆలస్యమైందని మాత్రం అనేవారు.

1989లో తీర్పు వచ్చింది. పదకొండు ఎకరాల్లో ఏడు మా చేతికి వచ్చాయి. మిగతా నాలుగెకరాలు ఎప్పుడో ఇంకొకరి చేతికి పోయాయి. వాటి కేసు ఇప్పటికీ నడుస్తోంది. భూమి అప్పగించే రోజు వెంకటనారాయణ వస్తాడని మేమెవరమూ అనుకోలేదు. వచ్చాడు. ఆఫీసరుతో మాట్లాడలేదు, కూతురి వైపు చూడలేదు. నేరుగా మా నాయన దగ్గరికి వెళ్ళి, బావి నుంచి నేలలోపల పైపు ఎటు పోయిందో కర్రతో గీసి చూపించాడు. ఉత్తరపు మూల గట్టు వానకు తెగుతుందని, ముందే మట్టి వేసుకోమని చెప్పాడు. వెళ్ళిపోయాడు. మా నాయన అలవాటు కొద్దీ దండం పెట్టాడు.

ఆ ఏడు సామలు, జొన్నలు వేశాం. కొత్త పంట ముందు దేవతకు పెట్టి, తర్వాత గూడెమంతా కలిసి తినే కొత్తల పండుగకు మేడం వచ్చారు. నేను అప్పటికి ఆశ్రమ పాఠశాలలో టీచరుగా చేరాను. డోలు మోగుతుంటే ఆడవాళ్ళు మేడంను లాగి వరసలో నిలబెట్టారు. అడుగులు తప్పుతూ, నవ్వుతూ ఆడారు. నాయనమ్మ తన పక్కన కూర్చోబెట్టుకుని తినిపించింది.

మేడం బయలుదేరేటప్పుడు నాయనమ్మ అడ్డాకుల్లో సామన్నం మూట కట్టి ఇచ్చింది. ఖమ్మం చేరేసరికి చెడిపోతుందేమో అవ్వా అన్నారు మేడం.

"ఖమ్మానికి కాదు, మీ అయ్యకు ఇయ్యి" అంది నాయనమ్మ. "ఆ నేల మీది కొత్త తిండి. ఆయనా దున్నిండు గదా."

మేడం ఆ మూటను ఒడిలో పెట్టుకుని బస్సు ఎక్కారు. ఆయన తిన్నాడో లేదో నాకు చెప్పలేదు. ఆ ఉగాదికి మాత్రం తండ్రి ఇంటికి రమ్మన్నాడని ఉత్తరం రాశారు.

నాయనమ్మ 1993లో పోయింది. మేడం ఇంకా ఖమ్మంలోనే పాఠాలు చెబుతున్నారు. నాకు చదువు చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు, అందరికీ రుణపడే ఉన్నాను. కానీ తాను చెప్పిన పాఠం తన ఇంటి గడప తొక్కినప్పుడు తలుపు వేసుకోని మనిషి దగ్గర చదువుకున్నాను. ఊరేదని ఎవరైనా అడిగితే ఇప్పుడు రేలగుంపు అని చెబుతాను. ఎక్కడుందని అడిగితే కూర్చోబెట్టి దారి చెబుతాను.