బాంబ్ షెల్టర్‌లో మంచు బూట్లు

పాయా లేబర్‌లోని బూట్ల షాపు ఆవిడ అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. నన్ను చిన్నబుచ్చిన మాటలన్నీ అలాగే గుర్తుంటాయి. ఎవరన్నారో, ఎక్కడ అన్నారో, పక్కన ఎవరు నవ్వారో కూడా చెప్పగలను. మా ఆవిడ దీన్ని జబ్బంటుంది. నేనొప్పుకోను. అన్నవాళ్ళు ఎలాగూ మర్చిపోతారు, పడ్డవాడైనా గుర్తుపెట్టుకోవాలి కదా.

అప్పటికి మా అమ్మాయికి పదహారేళ్ళు. నాతో మాటలు బాగా తగ్గించేసింది. తిన్నావా అంటే "యా". స్కూలెలా ఉంది అంటే ఇక్కడివాళ్ళ యాసలో "ఓకే లా". మా ఇద్దరికీ ఒక్క పరుగు మాత్రం మిగిలింది. ఆదివారం ఉదయం హౌగాంగ్‌లో మా బ్లాకు కింద కలిసి, కాలవ గట్టు వెంట పది కిలోమీటర్లు పరిగెత్తి వచ్చేవాళ్ళం. అప్పుడూ మాటలుండవు. కానీ నా ఊపిరి బరువెక్కితే తను వేగం తగ్గించేది. అది నాకు తెలిసేది, నాకు తెలిసిందని తనకీ తెలిసేది.

ఒక ఆదివారం పరుగయ్యాక ఫోను నా ముందుకు చాపింది.

"నాన్నా, మనం ఇది చేద్దామా?"

జపాన్ ఉత్తరాన కొండల్లో, చలికాలంలో, మంచు మీద పన్నెండు కిలోమీటర్ల పరుగు. రోడ్డు ఉండదు, అడవి దారి. అందులో తల్లో తండ్రో ఒకరు, బిడ్డ ఒకరు జంటగా పరిగెత్తే విభాగం ఉంది. ఇద్దరూ కలిసి గీత దాటాలి. ఒకరు ఆగిపోతే ఇద్దరూ లెక్కలో ఉండరు. బిడ్డకి ఇరవై నిండకూడదు.

"మనం" అంది. మా ఇంట్లో ఆ మాట విని చాలా కాలమైంది. సరే అన్నాను. రెండో ఆలోచన లేదు.

పాసిర్ రిస్ పార్కులో అప్పుడప్పుడు పరిగెత్తే మన తెలుగువాళ్ళ గుంపు ఒకటుంది. అందులో బ్యాంకులో పనిచేసే కరీంనగర్ ఆయన అప్పటికే రెండుసార్లు మంచులో పరిగెత్తి వచ్చాడు. పరుగయ్యాక, వరసగా తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో టీ తాగుతూ, బూట్ల గురించి అడుగుదామని విషయం చెప్పాను.

"మంచుల ఉరుకుతవా? నువ్వా?" అన్నాడు గ్లాసు కింద పెట్టి. "అన్నా, నువ్వు మంచిగ వాకింగ్ బ్యాచ్ల చేరరాదు? మోకాళ్ళన్న మిగుల్తయి."

ఆరుగురు నవ్వారు. వాళ్ళలో ఇద్దరు నాకంటే నిదానంగా పరిగెత్తేవాళ్ళే.

తర్వాత అతనే తగ్గి, "నారాజ్ గాకే అన్నా. నా జత ఉన్నది, నీ సైజే. నేనైతే వారం వారం తొడుగుత, గట్టిగున్నయి. తీస్కపో" అన్నాడు. వాకింగ్ బ్యాచ్ అన్న నోటితో ఇచ్చే బూట్లు నాకెందుకు? అక్కర్లేదన్నాను. ఆ గుంపుకి వెళ్ళడం కూడా మానేశాను.

బూట్ల సంగతి నేనే చదివి తెలుసుకున్నాను. మంచుకి మామూలు బూట్లు పనికిరావు. అడుగున రబ్బరు పళ్ళు పొడుగ్గా, దూరం దూరంగా ఉండాలి, లేకపోతే మధ్యలో మంచు ఇరుక్కుని అడుగంతా నున్నగా అయిపోతుంది. రబ్బరు మెత్తటిదై ఉండాలి, చలికి బిగుసుకుపోకూడదు. నీళ్ళు లోపలికి రాకూడదు. ఉన్ని సాక్సు పట్టడానికి అర సైజు ఎక్కువ తీసుకోవాలి. ఏడాది పొడుగునా చెమటలు కక్కే ఊళ్ళో ఇవన్నీ కాగితం మీది చదువే. పరీక్షించి చూడటానికి ఫ్రిజ్‌లో ఐసు తప్ప ఇక్కడ ఏముంది?

నాలుగు షాపులు తిరిగితే పాయా లేబర్‌లో ఒక్కచోట దొరికాయి. షాపులో అరవై ఏళ్ళ చైనీస్ ఆవిడ, కురచ జుట్టు, మెడలో కళ్ళజోడు. నిచ్చెనెక్కి పై అరలోంచి పెట్టె దించింది. పెట్టె మీద దుమ్ము తుడవడం నేను చూశాను. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఈ ఊళ్ళో మంచు బూట్లు ఎవడు కొంటాడు? ఆ పెట్టె అక్కడ ఎన్నేళ్ళుగా ఉందో ఆవిడకే తెలియాలి.

నేను తీసుకెళ్ళిన ఉన్ని సాక్సు వేసుకుని, ఆవిడ చెప్పినట్టు చెక్క వాలు మీద ఎక్కి దిగాను. వేళ్ళు ముందుకు తగల్లేదు. మడమ జారలేదు. బాగున్నాయి. చాలా బాగున్నాయి. మళ్ళీ పెట్టెలో సర్దమని, పెట్టె మీద ఇంకో కవరు వేసి టేపు అంటించమని అడిగాను. అప్పుడు నన్ను పైనించి కిందికి చూసి నవ్వింది.

"అంకుల్, యూ పీపుల్ లైక్ టు కీప్ నైస్ నైస్ వన్. డోంట్ కీప్. మస్ట్ వేర్. యూ కీప్, ది సోల్ విల్ డై."

మీవాళ్ళకి అన్నీ అపురూపంగా దాచుకోవడం ఇష్టం, దాచకు, తొడుక్కో, దాస్తే బూటు అడుగు చచ్చిపోతుంది అని. వెనక వరసలో నిలబడ్డ ఇద్దరు ఆడపిల్లలు కిసుక్కుమన్నారు.

మీవాళ్ళు! మా ఇంట్లో టీవీ రిమోట్‌కి ఇప్పటికీ ప్లాస్టిక్ కవరు ఉంటుంది. నిజమే. కొత్త చొక్కా ఉగాదికో, ఎవరి పెళ్ళికో తప్ప మడత విప్పను. అదీ నిజమే. మా నాన్న అలా పెంచాడు. వస్తువుని గౌరవించడం అది. ఆ సంగతి ఈవిడకెలా తెలుసు? తెలిసినా నలుగురిలో అంటుందా?

ఇంటికొచ్చి బూట్లని బాంబ్ షెల్టర్‌లో పెట్టాను. ఇక్కడి ఫ్లాట్లలో ఇనప తలుపున్న చిన్న గది ఒకటి కడతారు, ఎప్పుడైనా యుద్ధమొస్తే తల దాచుకోవడానికి. అందరూ దాన్ని సామాన్ల కొట్టు చేసుకున్నారు. గాలాడదు. మా దాంట్లో బియ్యం బస్తా, సూటుకేసులు, ఆవకాయ జాడీలు ఉంటాయి. జాడీల పై అరలో, టేపు విప్పకుండా, పెట్టెకి పెట్టె అలాగే పెట్టాను.

"నా పట్టుచీరలకి కూడా ఇంత భోగం లేదు కదండీ" అంది మా ఆవిడ.

"వాటితో మొదటి అడుగు మంచులోనే పడాలి" అన్నాను.

ఆ ఏడాది అమ్మాయికి పరీక్షలొచ్చి పడ్డాయి. వెళ్ళలేదు. మరుసటి ఏడాది నా సెలవు ఒప్పుకోలేదు. "మంచు ఎక్కడికీ పోదు కదా, వచ్చే ఏడాది చూసుకో" అన్నాడు మా మేనేజరు, తను పది రోజులు బాలీ వెళ్ళొచ్చి. అదీ గుర్తుంది. మూడో ఏడాదికి అమ్మాయికి పంతొమ్మిది నిండాయి. ఇక ఇదే ఆఖరు అవకాశం.

ఆ మూడేళ్ళలో మా ఇంటికి ఎవరు భోజనానికొచ్చినా షాపు ఆవిడ కథ చెప్పేవాణ్ణి. ఆవిడ గొంతు, ఆ యాస, కళ్ళజోడు పైకెత్తడం, అన్నీ చేసి చూపించేవాణ్ణి. అందరూ విరగబడి నవ్వేవాళ్ళు. అమ్మాయి కూడా తన గదిలోంచే ఆఖరి మాట అందుకునేది: "ది సోల్ విల్ డై!"

బయల్దేరడానికి రెండు నెలల ముందు అమ్మాయి తన బూట్లు తను కొనుక్కుంది. తెచ్చిన రోజే వేసుకుని, వానకి తడిసిన పచ్చిక మీద పరిగెత్తి, బురదతో వచ్చింది. నాకు ప్రాణం ఉసూరుమంది.

"మంచుకి కొన్నవి బురదలో పాడు చేస్తావా?"

"షూస్ ఆర్ ఫర్ వేరింగ్, నాన్నా. నువ్వు కూడా నీవి తియ్. కాళ్ళకి అలవాటవ్వాలి కదా."

"నావి అలవాటయ్యే ఉన్నాయి. షాపులో చూశాను."

"త్రీ ఇయర్స్ ఎగో లా!"

ప్రయాణం ముందు రోజు టేపు కోసి తీశాను. తళతళలాడుతున్నాయి. హాల్లో దుప్పటి పరిచి, దాని మీద నాలుగడుగులు వేసి చూసి, మళ్ళీ పెట్టెలో పెట్టాను.

జపాన్ కొండల్లో పరుగు మొదలైంది. అంత తెలుపు నేనెప్పుడూ చూడలేదు. చెట్లు కూడా గొంతు తగ్గించినట్టున్నాయి. అడుగు పడ్డప్పుడల్లా కింద మంచు కిర్రుమంటుంది, ఊపిరి ముఖం ముందు పొగలా నిలబడుతుంది. మొదటి కిలోమీటరులోనే బూట్లు పట్టు చూపించాయి. ఎక్కుడులో ఒక్కసారీ జారలేదు. అమ్మాయి వెనక్కి తిరిగి, "ఓకేనా?" అంది. "సూపర్" అన్నాను. నవ్వింది. నిజంగా నవ్వింది, పళ్ళు కనపడేలా.

నాలుగో కిలోమీటరు దాటాక ఎడమ కాలు ఏదో తొక్కినట్టయింది. చూసుకుంటే నా బూటు అడుగే. మడమ దగ్గర అట్ట ఊడి చెప్పులా టపటప కొట్టుకుంటోంది. అమ్మాయి మంచులో మోకాళ్ళేసి కూర్చుని, జుట్టుకున్న రబ్బరు బ్యాండు తీసి నా బూటు చుట్టూ బిగించింది. జుట్టు ముఖం మీద పడుతోంది, ఒక చేతి గ్లవ్ నోట్లో కరిచిపట్టుకుంది.

"పాదం ఫ్లాట్‌గా వెయ్, నాన్నా. స్లోగా. టైముంది మనకి."

ఇంకో కిలోమీటరుకి కుడిది పోయింది. ఊడటం కాదు, మధ్యలో ఉండే నురుగు పొర తడిసిన మైసూర్‌పాక్‌లా నా వేళ్ళ మధ్య పొడైపోయింది. పసుపు పచ్చటి ముక్కలు మంచు మీద రాలాయి. వాటిని ఏరబోయాను. ఎందుకు ఏరుతున్నానో నాకే తెలియలేదు. అమ్మాయి తన సంచి పట్టీ విప్పి కట్టింది. వంద అడుగులకి అదీ జారిపోయింది. మా వెనక ఉన్న జంటలు ఒక్కొక్కటే దాటి వెళ్ళాయి. ఒక జంటలో తండ్రి నాకంటే పదేళ్ళు పెద్దవాడు.

ఆరో కిలోమీటరు దగ్గర చిన్న చెక్క గది, దాని ముందు ఎర్ర కోటు వేసుకున్న ముసలాయన. నేను దాదాపు సాక్సు మీదే నడిచొస్తున్నాను. ఆయన నా కాళ్ళు చూసి, బాధగా తలవంచి నమస్కరించి, తన రెండు చేతుల్నీ గుండె ముందు అడ్డంగా పెట్టాడు. ఇక లేదని. ఆ సైగకి భాష అక్కర్లేదు.

నేను వాదించాను. ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో. ఆయన ప్రతి మాటకీ తలవంచాడు, చేతులు మాత్రం తియ్యలేదు. ఫోనులో అనువాదం చేసి చూపించాడు: అమ్మాయి కావాలంటే సరదాగా ముందుకు వెళ్ళొచ్చు, ఫలితం ఉండదు.

అమ్మాయి నన్ను చూసింది. ఆ పన్నెండు కిలోమీటర్లు నేను ఎత్తుకుని మోసైనా ఇవ్వగలిగితే ఇచ్చేవాణ్ణి. నా చేతిలో అట్టముక్కలున్నాయి.

"వెళ్ళమ్మా" అన్నాను.

"ష్యూరా?"

"వెళ్ళు."

వెళ్ళింది. మొదటి మలుపు దాకా నిదానంగా, నా ఊపిరి కోసం తగ్గించుకున్న ఆ వేగంతోనే వెళ్ళింది. తర్వాత ఒక్కసారిగా అందుకుంది. అది అంత వేగంగా పరిగెత్తగలదని అప్పటిదాకా నాకు తెలియదు.

గదిలో కిరసనాయిలు పొయ్యి ముందు కాళ్ళు చాపి కూర్చున్నాను. ముసలాయన వేడి వేడి సూపేదో ఇచ్చాడు. కిటికీలోంచి తండ్రులూ తల్లులూ పిల్లలూ పోతున్నారు. నేను మనసులో షాపు మీద ఫిర్యాదు రాయడం మొదలుపెట్టాను. దుమ్ము పట్టిన పెట్టె, పాత సరుకు, మోసం. అన్నీ వరసగా వచ్చాయి. ఆవిడ మాటల దగ్గరికొచ్చేసరికి అలవాటుగా ఆవిడ గొంతుతోనే లోపల అనుకున్నాను. ఆఖరి ముక్క దాకా అని, అక్కడ ఆగిపోయాను. మూడేళ్ళుగా ఆ మాట ఊరందరికీ నేనే వినిపించాను. నేను మాత్రం వినలేదు.

గీత దగ్గర అమ్మాయిని పక్క దారిలోంచి పంపించారట. జంట పూర్తి కాలేదు కాబట్టి దాన్ని దాటనివ్వలేదు. నాతో చెప్పలేదు. వాళ్ళమ్మతో ఫోనులో చెబుతుంటే విన్నాను. నా దగ్గరికొచ్చి తన పొడి సాక్సు నాకిచ్చి, "చల్లగా ఉన్నాయా కాళ్ళు?" అని మాత్రం అడిగింది.

తిరిగొచ్చిన శనివారం బూట్లు సంచిలో వేసుకుని పాయా లేబర్ బయల్దేరాను. అంత తేలిగ్గా వదిలేవాణ్ణి కాను. "నేను కూడా వస్తా" అంది అమ్మాయి. ఎందుకో చెప్పలేదు. రైల్లో ఎదురు సీట్లో కూర్చుంది.

అదే ఆవిడ. జుట్టు ఇంకాస్త నెరిసింది. నేను సంచి బల్ల మీద బోర్లించి, దుమ్ము దగ్గర్నించి మొదలుపెట్టి మొత్తం చెప్పాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, అట్టని వేలితో నలిపి చూసింది. బూటు నాలుక కింద చీటీ చదివింది. పాతదే, ఒప్పుకుంది. షాపులో రెండేళ్ళు ఉందంది. నా గొంతు పెరిగింది. అప్పుడు తలెత్తి నెమ్మదిగా అడిగింది, ఎన్నిసార్లు తొడిగావు అని.

నేను ఖాళీ సంచి మడత పెట్టడం మొదలుపెట్టాను.

"అంకుల్, లాస్ట్ టైమ్ ఐ నెవర్ టెల్ యూ, మే?" అంది. అప్పుడు నేను నీకు చెప్పలేదా అని. ఎగతాళి లేదు. నిజంగానే అడిగింది. చెప్పిందో లేదో ఆవిడకి గుర్తులేదు. రోజుకి ఎంతమందికి ఎన్ని చెబుతుంది పాపం.

అమ్మాయి నా పక్కనే ఉంది. దాని ముఖం వైపు చూడకుండా బల్ల మీది పసుపు పొడిని చూస్తూ అన్నాను.

"నాకు గుర్తులేదు."

నా జీవితంలో ఆ మాట అనడం అదే మొదటిసారి.

ఆవిడ ఏం చేయాలో తోచక ఒక జత సాక్సు సంచిలో వేసి ఇచ్చింది. అమ్మాయి బూట్లు సర్ది, రాలిన పొడిని కూడా అరచేత్తో ఊడ్చి సంచిలో వేసి, తనే పట్టుకుంది. స్టేషన్ దాకా నాకంటే రెండడుగుల ముందు నడిచింది. రైల్లో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏదో ఒకటి అంటుందని హౌగాంగ్ వచ్చేదాకా ఎదురుచూశాను. ఏమీ అనలేదు.

ఎంత మాటైనా సరే, అని ఉంటే బాగుండేది. గుర్తుపెట్టుకునేవాణ్ణి.